కార్తెల లెక్కన పదో తరగతి

మా మనవరాలి పేరును హాజరు పట్టీలో ఎర్రసిరాతో కొట్టేశారని తెలిసిన పొద్దున, చెరుగుతున్న చాట అట్లాగే పక్కన పెట్టి బడికి పోయాను. తొంభైల చివరి సంగతి ఇది. మా పల్లె తనకల్లు దారిలో ఉంది. హైస్కూలుకు మూడు మైళ్ళు నడవాలి.

పాప అప్పుడే పదిలోకి వచ్చింది. బడి తెరిచిన వారానికే మా కోడలు ఎద్దుల బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. వంట, పశువులు, తల్లిని చూసుకోవడం అన్నీ పాప మీద పడ్డాయి. మూడు వారాలు బడికి పోలేదు. పంపనిది నేనే. ఆ తప్పుకు నన్ను నాలుగు తిట్టి ఉంటే పడేదాన్ని. కానీ పెద్దసారు చెప్పిన కారణం వేరు.

"హాజరు సంగతి అట్లుండనీమ్మా. లెక్కల్లో మీ పాపకు ఏమీ రాదు. ఈ తూరి మా బడికి నూటికి నూరు రావాల. మీ పాప కూచుంటే యాడొస్తాది?"

"వచ్చినోళ్ళకే చెప్పేదానికైతే మీరెందుకు సారూ ఈడ?" అన్నాను.

"ప్రైవేటుగా కట్టిచ్చుకోపో. నువ్వే చెప్పు పాఠాలు" అని నవ్వాడు. పక్కనున్న అయ్యవార్లూ నవ్వారు. నేను చదివింది రెండో తరగతి. ఆ నవ్వు విన్నాక ఎండలో మూడు మైళ్ళు ఎట్లా నడిచానో నాకు తెలియదు.

ఇంటికొస్తే నా కొడుకు తీరు ఇంకోటి. "పోనీలేమ్మా, కుట్టుమిషన్ నేర్చుకుంటాదిలే."

"అంత ఇష్టముంటే నువ్వు నేర్చుకోరా. నీ చొక్కాకు గుండీలు నేనే కదా కుడ్తాండేది!" అన్నాను. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ముందటేడు పది గట్టెక్కిన పిల్ల దగ్గర పుస్తకాలు అడిగి తెచ్చాను. ఊరికే తీసుకోవడం నాకు చేతకాదు, వాళ్ళమ్మకు చాటెడు అలసందలు ఇచ్చాను. కొత్త నోటుబుక్కులు కొనలేదు. పాతవాటిలో రాయకుండా మిగిలిన కాగితాలన్నీ చించి, దబ్బనంతో కుట్టి నాలుగు పుస్తకాలు చేశాను. పక్కింటికి కోడలుగా వచ్చిన పిల్ల ఇంటర్ చదివింది. మధ్యాహ్నం పూట గంటసేపు ఆమె పాపకు చెప్పేటట్టు, ఆ గంటా ఆమె చంటిబిడ్డను నేను ఎత్తుకునేటట్టు ఒప్పందం.

ఇక ఎప్పుడు ఏది చదవాలన్నది. ఇంగ్లీషు నెలలు నా తలకు ఎక్కవు. నాకు తెలిసినవి కార్తెలు. పాత క్యాలెండరు కాగితం తిరగేసి, పాపతో రాయించాను. పునర్వసు, పుష్యమిలో తెలుగు. ఆశ్లేష, మఖలో సాంఘికం. పుబ్బ, ఉత్తరలో సైన్సు. హస్తలో హిందీ, చిత్తలో ఇంగ్లీషు. లెక్కలంటే పాపకు దడ కాబట్టి వాటిని స్వాతికి తోశాను. ఒకటి కోసి ఇంటికి చేర్చాక ఇంకోదానికి చెయ్యి పెట్టాలి, అదీ నా పద్ధతి. ఒక పుస్తకం అయిపోయేదాకా రెండోది పెట్టెలోంచి తియ్యనిచ్చేదాన్ని కాదు.

పాప అట్లాగే చదివింది. తెల్లవారి పేడ ఎత్తి, తల్లికి నీళ్ళు కాచి, వసారాలో కూర్చునేది. అట్ట నుంచి అట్ట దాకా పుస్తకాలు అయిపోతుంటే, ఆ సారు ముందు నిలబడి చెప్పాల్సిన మాటలు మనసులో కూర్చుకుంటూ ఉండేదాన్ని.

స్వాతి కార్తె వచ్చింది. లెక్కల పుస్తకం తీసే ముందు, పాతవి గుర్తున్నాయో లేదో చూద్దామని పక్కింటి పిల్ల సాంఘికంలో ఐదు ప్రశ్నలు అడిగింది. పాపకు ఒకటే వచ్చింది. తెలుగు పద్యాలు సగంలో ఆగిపోయాయి.

నాకు ఒళ్ళు మండింది. "నాలుగు నెల్లు ఏం చేసినావ్ మే? పుస్తకం ముందర పెట్టుకోని నిద్రపోతాంటివా?"

ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల, ఆ రోజు పుస్తకం కింద పెట్టి లేచింది.

"నువ్వు చెప్పినట్లే కదవ్వా చదివినా! చేన్లో ఒట్టి శెనక్కాయ ఒకటే ఇత్తుతావా నువ్వు? మధ్యలో కంది సాలు, అలసంద సాలు ఎందుకు ఏయిస్తావ్? నా చదువుకు మటుకు ఒకదాని ఎనక ఒకటా?"

పక్కింటి పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికే. నలభై ఏళ్ళుగా ఒక్క పైరును నమ్మి చేను వేసినదాన్ని కాదు. వాన ఎగ్గొట్టినా ఏదో ఒకటి చేతికొస్తుందని నేనే ఊరందరికీ చెప్పేదాన్ని. చదువు దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోయిందో!

కొత్త కాగితం పాపే రాసుకుంది. రోజూ పొద్దున లెక్కలు. మిగతావి రోజుకు రెండు చొప్పున మధ్యలో. నేను ఆ కాగితం జోలికి పోలేదు. బిడ్డను ఎత్తుకోవడం, పాపను పనులకు పిలవకుండా నోరు కట్టుకోవడం, నా పని అంతవరకే. రెండోదే కష్టమైంది.

ప్రైవేటుగానే పరీక్ష రాసి పాప పాసయింది. లెక్కల్లో అంచు మీద గట్టెక్కింది, అయినా గట్టెక్కింది. అనంతపురం కాలేజీలో చేరాలంటే పాత బడి నుంచి టీసీ కావాలన్నారు. ఇద్దరం పోయాం. అదే సారు, అదే కుర్చీ. పాసైన సంగతి చెబితే "సంతోషమమ్మా" అన్నాడు, తానే చదివించినట్టు. కాగితం రాసి ఇచ్చాడు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. బడి విడిచిన కారణం దగ్గర 'సొంత ఇష్టం' అని ఉంది.

"ఇదెవరి ఇష్టం సారూ? మేము మానుకోలేదు. మీరు తీసేసినారు. అదే రాయండి."

"అట్ల రాయకూడదమ్మా. అందరికీ ఇట్లే రాస్తాం."

"అందరికీ అబద్ధమే రాస్తాండారా?"

ఆయన పెన్ను మూత పెట్టి, వేరే కాగితాలు ముందుకు లాక్కున్నాడు. నేను కదలలేదు. అబద్ధం దిద్దనిదే ఇంటికి పోకూడదనుకున్నాను. కాలేజీలో చేరడానికి మరునాడే ఆఖరు రోజు. పాప నా చేతిలోంచి కాగితం తీసుకుని, మడిచి, జాకెట్లో దోపుకుంది.

"రా అవ్వా, బస్సు పోతాది. కాలేజీలో అది ఎవరూ చదవరులే."

పాప చెయ్యి పట్టుకుని లాగితే నడిచాను. ఆ కాగితం కాలేజీ వాళ్ళు తీసి పెట్టుకున్నారు. ఏ బీరువాలోనో ఇప్పటికీ ఉండే ఉంటుంది, మా పాప తనంతట తానే బడి మానుకుందని చెబుతూ.