తాడు మీద చొక్కాలు

ఐర్లండ్‌లో ఎన్నిస్ నుంచి లిమరిక్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎండ కాస్తే ఇక్కడివాళ్లు ముందు ఎత్తేది బట్టల మాటే. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తూ నాకూ అదే అలవాటైంది.

"బట్టలు ఆరేసుకోడానికి మంచి రోజండీ," అన్నాను.

ఆయన కిటికీలోంచి ఇళ్ల పెరళ్లలో తాళ్ల మీద ఊగుతున్న చొక్కాలను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"మాది గ్రీసులో కెఫలోనియా దీవి. మా ఇంట్లో బట్టలు తాడు మీద వెయ్యరు, పొదల మీద పరుస్తారు. ఒకప్పుడు మిమ్మల్ని కాపాడతామంటూ బ్రిటిష్ వాళ్లు మా దీవిని చేతిలోకి తీసుకున్నారు. ఎదురు తిరిగినవాళ్లను కొండ మీద ఉరి తీశారు. శవాలను దింపనివ్వలేదు. మా ముత్తాత వాళ్లమ్మ, తన పెద్దకొడుకు చొక్కా గాలికి ఊగడం రోజూ వాకిట్లోంచే చూసింది."

"మా ఇండియాకి వ్యాపారానికని వచ్చారండీ," అన్నాను.

ఆయన నా చెయ్యి తట్టి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

ఇప్పుడు మా అబ్బాయి చొక్కాలను చేతులు వేలాడేలా ఆరేయను, మధ్యకు మడిచి తాడు మీద వేస్తాను. అలా వేస్తే ఆరవు మమ్మీ, అంటాడు వాడు ఇంగ్లీషులో.

ఆరకపోతే పోనీ.