కూర్చుని తీసిన ఫొటో

"నవ్వండి, అలాగే ఉండండి" అని చెప్పి, ఫొటో స్టూడియో పెద్దమ్మ వెనకున్న కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంది. ఎదురుగా ఉన్న కుటుంబం చెప్పిన మాట వినే రకం. కుర్చీలో కూర్చున్న తాతగారితో సహా అందరూ చెంపలు పీకేదాకా నవ్వుతూనే ఉన్నారు. "కెమెరా ఇక నాకిచ్చెయ్యమ్మా, పరువు పోతోంది!" అంది పెద్దమ్మ కూతురు. ఆ మాట తగిలి పెద్దమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లింది. చేతి వణుకు సంగతి కెమెరా స్టాండు చూసుకుంటుంది గానీ, ఈ నిస్సత్తువ మాటేమిటని నిలదీసింది. అది బద్ధకం కాదనీ, ఆ వణుకు తెచ్చిన పార్కిన్సన్స్ జబ్బులో భాగమేననీ చెప్పి, ఆయన మాత్రల వేళలు సరిచేశారు. రోజూ కాస్త నడవమన్నారు; అలసిపోయాక కాదు, అలసిపోకముందే కూర్చోమన్నారు. అప్పట్నుంచి పెద్దమ్మ సాయంత్రాలు పని మానేసింది. మాత్ర బాగా పనిచేసే ఉదయం పూట, ఎత్తు పీట మీద మహారాణిలా కూర్చుని, గడ్డాలు పైకెత్తమని కనుబొమలతోనే ఆజ్ఞలు ఇస్తుంది. అదే కుటుంబం మళ్లీ వచ్చినప్పుడు కూతురు కెమెరా కోసం చెయ్యి చాచింది. పెద్దమ్మ చూడనట్టే ఊరుకుని, మీట ఒక్కసారి నొక్కింది. అంతమందిలో ఒక్కరి కళ్లూ మూతపడలేదు. ఆ ఫొటోను కూతురే తీసుకెళ్లి వీధివైపు అద్దాల్లో పెట్టింది. తాతగారు మాత్రం గొణిగారు: "కూర్చుని ఫొటో తీసేవాళ్లను ఎక్కడా చూళ్లేదమ్మా!"

"మీరు కూర్చుని దిగలేదా అన్నయ్యగారూ, నేను కూర్చుని తీస్తే ఏం?"