పాలరంగు తిరిగిన దుబాయ్ సెంటు

నా చిన్నప్పుడు మా వీధిలో మాకంటే పెద్ద పుస్తకాల సంచులు మోసేది పెద్దవాళ్ళే. మాది మధురానగర్. కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటే చాలు ఉద్యోగమేనని ఊళ్ళకు ఊళ్ళు అమీర్‌పేటకు కదిలి వస్తున్న రోజులవి. హాస్టళ్ళు నిండిపోయాక ఇళ్ళలోని గదులు కూడా అద్దెకు పోయాయి. అలా మా మేడ మీది గదిలోకి కరీంనగర్ వైపు నుంచి ఒక అక్క వచ్చింది. మేం గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళం కాబట్టి అక్క మాటలు మా అమ్మకు మొదట్లో సగమే అర్థమయ్యేవి. నాకు మాత్రం వారంలో ఆ యాస పట్టుబడింది. అన్నం ‘మస్తుగుంది’ అని నేనంటే అమ్మ తల పట్టుకునేది.

అక్క దగ్గర ఒక సెంటు సీసా ఉండేది. దుబాయ్‌లో పనిచేసే వాళ్ళ మేనమామ పంపించాడు. లేత పసుపు రంగు సెంటు, మూత తిప్పి తీసే సీసా, దాని మీద బంగారు రంగు అక్షరాలు. అక్క దాన్ని ఇంటర్వ్యూలకు వెళ్ళే రోజున, మామ ఫోన్ చేసే శుక్రవారం నాడు మాత్రమే పూసుకునేది. ఆయనకు అక్కడ సెలవు శుక్రవారమే. ఫోన్ మా ముందుగదిలో ఉండేది కనుక అక్క మాటలు మాకు వినబడేవి. సెంటు పూసుకున్నావా అని ఆయన ప్రతిసారీ అడిగేవాడట. పూసుకున్న మామా, మంచిగుంది అని అక్క చెప్పేది. అంత పొదుపుగా వాడుతోందంటే అది అక్కకు ఎంత ప్రాణమో అనుకున్నాను. నాకూ దాని మీద మనసు పోయింది.

ఒక బుధవారం సాయంత్రం అక్క క్లాసుకు వెళ్ళినప్పుడు, ఆరిన బట్టలు తెమ్మని అమ్మ నన్ను మేడ మీదికి పంపింది. అక్క గది తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంది. ఒక్క చుక్కే అనుకుంటూ మూత తిప్పాను. చేతి చెమటకు సీసా జారింది. పగల్లేదు కానీ సగం నేలపాలైంది. లంగాతో తుడిచి, వాసన పోవాలని కిటికీ తెరిచి, మిగిలిన సగం వంక చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నాకొచ్చిన ఉపాయం మా ఇంటి వంటగదిలో పుట్టిందే. అనుకోకుండా చుట్టాలొస్తే అమ్మ చారులో రెండు గ్లాసుల నీళ్ళు పోసి ఇంకో మరుగు రానిచ్చేది. ఎవరూ కనిపెట్టేవారు కాదు. నేనూ కుళాయి కింద పెట్టి సీసా నింపాను. చూస్తుండగానే లోపలి సెంటు బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడిపోయింది. ఎంత ఊపినా మునుపటిలా కాలేదు. సీసాను నా స్కూలు సంచిలో దాచేశాను. ఎల్లుండి శుక్రవారం మామ ఫోన్ చేస్తాడు, సోమవారం అక్కకు ఇంటర్వ్యూ.

పంజాగుట్టకు పోయే దారిలో, మా బడికి కొంచెం అవతల ఒక అత్తరు కొట్టు ఉండేది. కొట్టాయనను పిల్లలమంతా అత్తరు తాత అనేవాళ్ళం. గురువారం సాయంత్రం, స్నేహితురాలి దగ్గర సైన్సు నోట్సు తెచ్చుకోవాలని ఇంట్లో ఒక అబద్ధం చెప్పి, సీసాతో ఆయన ముందు నిలబడ్డాను. జరిగింది దాచకుండా చెప్పేశాను. పరాయివాళ్ళకు నిజం చెప్పడం ఎప్పుడూ తేలికే. ఇటువంటి సెంట్లలో స్పిరిట్ ఉంటుందని, నీళ్ళు తగిలితే తెల్లబడుతుందని ఆయన చెప్పాడు. అచ్చం ఇలాంటిదే చేసివ్వమని బతిమాలాను. సరే, ఏ వాసనో నువ్వే పట్టుకో అంటూ వరసగా చిన్న సీసాలు దించాడు.

పుల్లకు చుట్టిన దూదిని ఒక్కో అత్తరులో ముంచి నా చేతి మీద ఒక్కో చోట రాశాడు. గులాబీ, హీనా, గంధం, మొగలి, వట్టివేళ్ళు. నాలుగోదానికే అన్నీ ఒకటైపోయాయి. గులాబీకీ గంధానికీ తేడా తెలియక ఏడుపొచ్చింది. ఆయన నవ్వి, నా చొక్కా చెయ్యినే వాసన చూసుకోమన్నాడు. సుద్దముక్క పొడి, చెమట, మధ్యాహ్నం తిన్న పులిహోర. ఆ తర్వాత చూస్తే మళ్ళీ దేని వాసన దానిదే! కాసేపటికి వచ్చిన పని మరిచి, మొగలి అత్తరు రాసిన వేలిని ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. వాటిలో ఏదీ అక్క సెంటు కాదు.

అప్పుడాయన దుబాయ్ సీసాను కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. “చూద్దాం బేటీ. గానీ వాసన సీసాల ఉండదు, మనిషి చర్మం మీద ఉంటది. ఆమె చెయ్యి లేకుంట నేనెట్ల చెప్పాలె? ఆమెను తోల్కొని రా.”

అటువంటి సెంటు తయారు చేయడం ఆ కొట్టులో అయ్యే పని కాదని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ఆయన నన్ను పంపింది అక్క చెయ్యి కోసం కాదు. గంధం, హీనా, వట్టివేళ్ళు అద్దిన మూడు దూది ఉండలు కూడా విడివిడిగా పొట్లాలు కట్టి ఇచ్చాడు. అక్క రోజుకొకటి పొద్దున రాసుకుని, సాయంత్రం ఎలా ఉందో చూసి చెప్పాలన్నాడు. మొదటి వాసనకు మురిసి కొనేవాళ్ళకు ఆయన అమ్మేవాడే కాదు.

ఇంటికొచ్చేసరికి అక్క మెట్ల మీద కూర్చుని ఏదో చదువుకుంటోంది. సీసా తీసి అక్క ఒడిలో పెట్టి, నేనే పారబోశాను, నేనే నీళ్ళు పోశాను అన్నాను. అక్క దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఏడుస్తుందని, అమ్మను పిలుస్తుందని, ఇక జన్మలో నాతో మాట్లాడదని అనుకున్నాను. అక్క గోడకు ఆనుకుని ఊపిరి వదిలింది.

“దీనితోని నాకు తలకాయ పగిలిపోతది పిల్లా. రెండు ఇంటర్వ్యూలల్ల తల పట్టుకొని కూసున్న. మామ ఒక్క రూముల ఎనిమిది మందితోని ఉండుకుంట పంపిండు. వద్దని ఏ నోటితోని చెప్పాలె?”

పూసుకున్నానన్న మాటైనా నిజం కావాలని, ఇంటర్వ్యూలకూ ఫోన్ వచ్చే ముందూ ఒక చుక్క రాసుకునేదట. నేను ప్రాణం అనుకున్నది అక్క నెత్తిన బరువు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. సైన్సు నోట్సు సంగతి కూడా అప్పుడే బయటపడి, అమ్మ చేతిలో రెండు తిన్నాను. అవి పెద్దగా నొప్పి పెట్టలేదు.

మర్నాడు ఫోన్ మోగింది. తలుపు పక్కనే నిలబడి విన్నాను. అక్క కాసేపు అవీ ఇవీ మాట్లాడి, “మామా, ఆ సెంటు నాకు పడతలేదు. ఇన్నొద్దులు చెప్పలేకపోయిన” అంది. అక్క ఫోన్ తీగను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత అవతల నుంచి మామ పెద్దగా నవ్వు, నాకు కూడా వినబడేంత. దుబాయ్ కొట్టువాడు మంచిదని చెబితే కొన్నాడట, తానైతే వాసన కూడా చూడలేదట. పట్నంలో ఆ సెంటును చూసి మేనకోడలిని ఎవరైనా ఎగతాళి చేస్తారేమోనన్న బెంగతోనే వారం వారం అడిగేవాడట. ఫోన్ పెట్టేశాక అక్క అక్కడే నేల మీద కూర్చుని, అమ్మను ఒక కప్పు చాయ్ అడిగింది. అంతకుముందు మా ఇంట్లో ఎప్పుడూ ఏదీ అడిగి ఎరుగదు.

ఆ శుక్రవారం నుంచి రోజుకొక పొట్లం విప్పింది. గంధం సాయంత్రానికి మిగల్లేదు, హీనా మరీ పెళ్ళింటి వాసనంది. వట్టివేళ్ళు నచ్చాయి, నాతో వచ్చి అత్తరు తాత దగ్గర ఒక చిన్న సీసా కొనుక్కుంది. నేను ముక్కు ముడిచాను, నాకు మొగలే గొప్ప. నీ ముక్కు నీది, నా ముక్కు నాది అంది. సోమవారం ఇంటర్వ్యూ నుంచి వచ్చి, ఉద్యోగం సంగతి చెప్పకుండా, తలనొప్పి రాలేదని మాత్రం చెప్పింది. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాతి నెలలో వేరేచోట వచ్చింది.

ఇప్పటికీ నేను ఏ సెంటునూ మొదటి వాసనకు కొనను. చేతి మీద రాయించుకుని, ఒక పూట తిరిగి వచ్చి చెబుతానంటాను. కొట్టు పిల్లలు విసుక్కుంటారు. కానీ ఆ వారం నాకు నేర్పింది సెంట్ల సంగతి ఒక్కటే కాదు. ఎవరి దగ్గర తప్పు చేశానో వాళ్ళ దగ్గరకే నేరుగా వెళ్ళడం అలవాటైంది. అందరూ అక్కలా ఊపిరి వదల్లేదు, ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు కూడా. అయినా చెప్పి వచ్చిన రోజు నాకు నిద్రపట్టకపోవడమన్నది ఇంతవరకూ లేదు.