కుచ్చిళ్లు ఎక్కడ దోపుతున్నావు

బొడ్డు దగ్గర పేగు జారితే జనగామ దవాఖానలో నాకు ఆపరేషన్ చేశారు. కుట్లు వేసింది ఇంకా ఆ పని నేర్చుకుంటున్న డాక్టరమ్మ. ఆమెలాగే నేర్చుకునే అబ్బాయిలు మహబూబాబాద్‌లో ఒకరు, భూపాలపల్లిలో ఒకరు. ముగ్గురూ కలిసి ఒక పరిశోధన పెట్టుకున్నారు. ఈ ఆపరేషన్ అయి ఇంటికి వెళ్లినవాళ్లకు నెల తర్వాత ఫోన్ చేసి, కోసిన చోట ఎలా ఉందో అడగడం. మూడు ఊళ్ల సంగతులు కలిస్తేనే ఎవరికి ఎందుకు చీము పడుతోందో తెలుస్తుందట.

నాకూ ఫోన్ వచ్చింది. బాగానే ఉన్నానన్నాను. అప్పటికే రెండు రోజులుగా చీము కారుతోంది. అంత ఓపికగా కుట్టిన పిల్లకు, నీ కుట్టు కారుతోందని ఏ నోటితో చెప్పను? మా ఆయన బతికుంటే తిట్టి అయినా తీసుకెళ్లేవాడు. ఆయన పోయి ఆరేళ్లు. ఫోన్ వచ్చిన నాలుగో రోజు నొప్పికి తాళలేక నేనే వెళ్లాను.

గుడ్డ విప్పి చూసి ఆ పిల్ల స్టూలు మీద కూలబడింది. మూడు ఊళ్లలోనూ అందరూ బాగున్నామనే చెప్పారట. అందరూ బాగుంటే ఈ పరిశోధన దేనికి, ఆపేయండి అన్నాడట పెద్ద డాక్టరు.

"అంటే అందరు నీలెక్కనే చెప్పిన్రా అవ్వా?"

"చెప్పరా మరి? ఎట్లున్నవంటె మంచిగున్ననే అంటరు. కుచ్చిళ్లు ఏడ దోపుతున్నవని అడుగు బిడ్డా. పుండు మానకుంటె బొడ్డుకు తగలకుండ కిందికి దోపుతరు. మొగోళ్లనైతె లుంగీ అడుగు."

ఆమె అప్పటికప్పుడే ఆ ఇద్దరు అబ్బాయిలకీ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. మూడు చోట్లా ఒకే మాట అడగాలని నాతో రెండుసార్లు చెప్పించి రాసుకున్నారు. భూపాలపల్లి అబ్బాయి మాత్రం ఆడవాళ్లను చీర సంగతి ఎలా అడగాలని నసిగాడు.

"కడుపు కోసేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడేంది నాయినా?" అన్నాను. ముగ్గురూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ కడుపు పట్టుకోవాల్సి వచ్చింది.

వారం తిరిగేసరికి నిజాలు బయటపడ్డాయి. కొత్తగూడ ఆమె ఒకతి, చీర కట్టడమే మానేసి నైటీలో ఉన్నానందట. ఆమెను మహబూబాబాద్‌కు పిలిపించి పుండు కడిగారు. పెద్ద డాక్టరు ఆ కాగితాలన్నీ చూసి, ఆపొద్దు, నడపండి అన్నాడట.

ఆ సంగతి చెబుతూ డాక్టరమ్మ నా పుండు కడిగింది. ఎట్లుందని అడిగింది. మంట పుడుతోందన్నాను. ఆ మాటకే తెగ సంబరపడి రాసుకుంది.