జూన్‌ల పుట్టినోళ్ల కేకు

తుర్కపల్లిల ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ సెక్షన్‌కు నేను ఇంచార్జిని. పోయినేడు మా సెక్షనోళ్లు మొకాలు వేలాడేసుకోని పనిజేస్తున్నరని పైనుంచి మాటొచ్చింది. జనాన్ని జర ఖుష్ జెయ్యమన్నరు. నేను మస్తు ఆలోచన జేసి, పుట్టినరోజులకు కేకులు మొదలువెట్టిన. తారీఖులు ఆఫీసు రికార్డులకెల్లి తీసిన. సగం మంది జూన్‌లనే పుట్టిన్రు. నేను గూడ రావల్కోల్ అనే పల్లెల పుట్టిపెరిగినోన్నే, నా తారీఖు గూడ జూన్‌దే. గదేందో నాకు తట్టకపాయె. బుద్ధి గడ్డి తిన్నంక ఏం తడ్తది!

ఒకనాడు పొద్దుగాల్నే, లేబుళ్లు అతికిచ్చే ఒకామె నా దగ్గరికొచ్చింది. పెనిమిటి లేడు, ఒక్కతే బిడ్డ. "సార్, మా పాపకు మేడ్చల్ దిక్కు గురుకులంల సీటొచ్చింది. ఇయ్యాల్నే హాస్టల్ల దింపాలె. ఐదింటికి గేటు మూస్తరట. మధ్యాహ్నం పోతా సార్" అన్నది. మొకం ఎలిగిపోతాంది.

నాకు లోపల నవ్వొచ్చింది. ఆ దినం కేకు ఆమెదే మరి. "పని మస్తుందమ్మా, నాలుగు దాక ఆగు" అన్న, కోపం మొకం వెట్టి. కేకు కోసినంక నా కార్ల కూసోబెట్టి తోల్కపోతే ఎంత సంబురపడ్తదో అని నా లెక్క. ఆమె నా ముంగటనే తమ్మునికి ఫోన్ జేసి, పాపను గేటుకాడికి తోల్కపో, నేనొచ్చేదాక లోపలికి పంపకు అని చెప్పింది. విని గూడ నవ్విన, సిగ్గులేనోన్ని.

నాలుగైంది. కేకొచ్చింది, బెలూన్లు కట్టిన్రు. కంపెనీ పెద్దసారు రాలే. ఆయన లేకుంట కోస్తే ఎట్ల? శివుని ఆజ్ఞ లేంది చీమన్న కుడ్తదా! అందరం చేతులు కట్టుకోని నిలవడ్డం. ఆమె గడియారం దిక్కే చూస్తాంది. "పోతా సార్, పాప చూస్తుంటది" అన్నది. "ఒక్క ఫోటో దిగిపో" అని నేనే ఆపిన.

పెద్దసారు నవ్వుకుంట వచ్చేసరికి ఐదు కావస్తాంది. చప్పట్లు కొట్టినం. ఆమె కేకు కోసుకుంట మెల్లగ అన్నది. "ఇది నేను పుట్టిన తారీఖు కాదు సార్. జూన్‌ల బడిల చేర్పిచ్చిన నాడు పంతులు ఏదో రాసిండు. నేనెప్పుడు పుట్టిన్నో మా అమ్మకే యాదిలేదు."

నా తారీఖు గూడ గట్లనే రాసిన్రు. నాకెరుకే. సిగ్గుతోటి తలకాయ తీసేసినట్టయింది.

ఆమెను ఎక్కిచ్చుకోని కారు ఎంత ఉరికిచ్చినా ఏం ఫాయిదా, గేటు మూసిన్రు. ఆమె తమ్ముడు ఒక్కడే నిలవడి ఉన్నడు. "అమ్మొస్తదని ఆఖరుదాక గేటువట్టుకోని ఉన్నదక్కా. ఏడ్సుకుంటనే పోయింది" అన్నడు. నేను వాచ్‌మన్‌ను బతిమిలాడిన. ఇగ ఇయ్యాల కాదు అన్నడు. నా ఇంచార్జితనం గాడ ఎవనికి కావాలె?

వాపసొస్తుంటె ఆమె నన్ను తిట్టినా బాగుండు. గింతే అన్నది.

"మా పాప పుట్టినరోజు మాత్రం సరిగ్గ రాపిచ్చిన సార్. వచ్చే నెలల ఉన్నది. ఆ నాడు కలవనిస్తరట. గప్పుడన్న జల్దీ పంపున్రి."

పంపుతనమ్మా అన్న. ఆమె మొకం చూడ చేతగాక రోడ్డు దిక్కు చూసుకుంట అన్న.