ఇత్తడి పళ్లేల చప్పుడు

అరకు దాటాక ఒక కొండ మీద ఉన్న ఆరోగ్య కేంద్రంలో నేను తొమ్మిదేళ్లు నర్సుగా పనిచేశాను. మైదానం నుంచి వెళ్లినదాన్ని. సినిమా పాటలు, పెళ్లిళ్ల బ్యాండు మేళం తప్ప సంగీతమంటే నాకేమీ తెలియదు. రాక్ అనే మాట నేను మొదట విన్నది ఒక కాఫీ రైతు నోట.

తొంభైల మధ్యలో సంగతి. అతనికప్పుడు ముప్పై లోపే. కొండవాలున కాస్త కాఫీ, మిరియాలు, తిండికి చోళ్లు పండించేవాడు. వాళ్ల నాన్న థింసా ఆటల్లో తుడుం వాయించేవాడట. ఇతను ఊరి చర్చిలో డ్రమ్స్ వాయించేవాడు. విశాఖ రైల్వే కాలనీలో ఒక పాత బ్యాండు మూతబడితే, వాళ్ల సెట్టును చర్చి ఫాదరు కొని జీపు మీద కట్టి తెచ్చారు. ఫాదరుది కేరళ. చదువుకునే రోజుల్లో గిటారు పట్టినవారట. ఆయన దగ్గర ఇంగ్లీషు బ్యాండుల కేసెట్లు ఒక అట్టపెట్టె నిండా ఉండేవి. వాటిలో ఒకటి ఇతనికిచ్చేశారు.

అతని దగ్గర టేప్ రికార్డర్ లేదు, నా దగ్గర ఉంది. శుక్రవారం అరకు సంత ముగించుకుని మొగుడూ పెళ్లామూ నా క్వార్టర్ వరండాలో దిగేవాళ్లు. ఆమె గోడకానుకుని కూర్చుని, అమ్ముడుపోని అల్లానికి మట్టి దులుపుకునేది. అతను కేసెట్టు పెట్టేవాడు. ఏదో దేశంలో వేలమంది ముందు జరిగిన కచేరీ అది. సగం పాటలో గిటార్లు ఆగిపోతాయి, గొంతులు ఆగిపోతాయి, డ్రమ్స్ ఒక్కటే మిగులుతుంది. కేసెట్టు ఆ వైపు అయిపోయేదాకా అదే.

"పాడేవోళ్లందరూ టీకెళ్లిపోనారు సిస్టరమ్మా. ఈడొక్కడే పని సేత్తన్నాడు," అన్నాడు మొదటిసారి వినిపించినప్పుడు.

నాకది వట్టి గోలలా తోచింది. అతనే విడదీసి చెప్పాడు. కింద దిమ్ముమంటున్నది కుడికాలు, మధ్యలో చిటచిటలాడేది ఎడమచెయ్యి, పైన మెరిసేవి ఇత్తడి పళ్లేలు. సింబల్స్‌ని అతను పళ్లేలనే అనేవాడు. ఇక్కడ వాడి ఎడమచెయ్యి అలిసిపోయింది, అందుకే కాలు మీదికి బరువు మార్చాడు అనేవాడు. అలా కొన్ని నెలలు విన్నాక నాకూ ఆ అలసట తెలిసేది. ముఖం కూడా ఎరుగని ఒక మనిషి, చేతులు పడిపోతున్నా ఆపకుండా వాయిస్తున్నాడని తెలిసి ఊపిరి బిగపట్టేదాన్ని.

ఒక డిసెంబరులో విశాఖ నుంచి విహారానికొచ్చిన ఇంజనీరింగ్ కుర్రాళ్లు చర్చిలో అతని వాయింపు విన్నారు. వాళ్లకు బ్యాండు ఉంది గానీ డ్రమ్స్ వాయించేవాడు కాలేజీ వదిలి వెళ్లిపోయాడట. తమ కాలేజీ పండగకు రమ్మన్నారు. నేను అప్పుడు సెలవు మీద ఇంటికి వెళ్తున్నాను, ఆ పూట విశాఖలో ఆగి చూశాను.

పొద్దు వాలుతుండగా మొదలైంది. రెండో పాటలో కరెంటు పోయింది. మైకులు, గిటార్లు ఒక్కసారిగా మూగబోయాయి. పాడే కుర్రాడు దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. ఇతను ఆపలేదు. మొదట కాలు ఒక్కటే, తర్వాత నెమ్మదిగా చేతులు. ఈలలు వేస్తున్న పిల్లలు వేదిక దగ్గరికి జరిగారు. మధ్యలో వాళ్ల నాన్న తుడుం దరువు ఒకటి చొప్పించాడు. థింసాలో అడుగు మారేముందు వేసే దరువది. దాని మీద ఆ కేసెట్టులోని వేగాన్ని ఎక్కించాడు. ఆ మైదానంలో అవి రెండూ ఎక్కడివో ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే. జనరేటర్ వేసి దీపాలు వెలిగేసరికి, గిటార్లు అతని దరువులోకి దిగి పాటను ఆగినచోటినుంచే అందుకున్నాయి. నా పక్కనున్న కాలేజీ పంతులుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ సాయంత్రమే ఒక ఆర్కెస్ట్రా వాళ్లు అతన్ని విశాఖ వచ్చేయమన్నారు. కాఫీ కోతలయ్యాక వస్తానన్నాడు. కోతల్లో దగ్గు పట్టుకుంది. కఫం పరీక్ష చేస్తే క్షయ.

అప్పట్లో బిళ్లలతోపాటు రెండు నెలలు రోజూ ఒక సూదిమందు ఉండేది. అతను రోజూ పైనున్న ఊరి నుంచి కొండ దిగొచ్చేవాడు, నేను వేసేదాన్ని. నెల దాటాక, చెవుల్లో ఈగలు ముసిరినట్టుంది, దారి ఊగుతోంది అన్నాడు. ఆ మందు చెవులకు పడకపోవచ్చని మాకు శిక్షణలో చెప్పారు. వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరుగారితో చెప్పాను. నీరసం అయ్యుంటుంది, కోర్సు ఆపొద్దు అన్నారు ఆయన. అతను డ్రమ్స్ వాయిస్తాడండీ అన్నాను. ముందు బతకనివ్వమ్మా అన్నారు. అదీ నిజమే. సగంలో మందు మానేసి చచ్చిపోయినవాళ్లను నేను చూశాను. మళ్లీ అడగలేదు.

ఇంకో రెండు వారాలు సూదులున్నాయనగా ఒక శుక్రవారం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. కేసెట్టు పెట్టాడు. చెవి దగ్గరగా వంచాడు, గుండీ తిప్పి చప్పుడు పెంచాడు.

"కేసెట్టు అరిగిపోనట్టుంది సిస్టరమ్మా. కాలు ఇనబడతంది గానీ పళ్లేలు ఇనబళ్లేదు. నీకు ఇనబడతన్నాయేటి?"

పళ్లేలు రేకుల మీద వడగళ్లు పడ్డట్టు మోగుతున్నాయి. నిజం చెప్తే మర్నాటి నుంచి కొండ దిగడు. దిగకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అంతకు మించి ఆలోచించానని ఇప్పుడు చెప్పుకోలేను.

"లేదు. టేపు అరిగిపోయింది," అన్నాను.

అతను స్థిమితపడ్డాడు. మర్నాడు సూది వేశాను. మిగిలినవన్నీ వేశాను.

రోగం తగ్గింది. కాఫీ పూతకొచ్చేనాటికి ఒళ్లు చేశాడు. అప్పటికి ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప అతనికి మాట అందేది కాదు. విశాఖ పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. నరం చచ్చిపోయింది, ఇక తిరిగి రాదన్నారు. చెవికి పెట్టిన మిషను వట్టి హోరునే పెంచింది. తిరుగు రైల్లో, ఆర్కెస్ట్రా వాళ్లకు ఒక ముక్క రాసి పడేయమన్నాడు. రాశాను. జవాబు రాలేదు.

ఆ క్రిస్మస్‌కు వద్దంటున్నా డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. నేల అదిరితే కాళ్లకు తెలుస్తుందన్నాడు. మొదటి పాట బాగానే సాగింది. రెండో పాటలో పాడే ఆడవాళ్లు చరణం సాగదీశారు. అది అతనికి తెలియలేదు. అతను ముందుకెళ్లిపోయాడు, వాళ్లు అందుకోలేక తడబడి ఆగిపోయారు. అతను ఆగలేదు. కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎంత బాగా వాయించాడంటే, ఎవరికీ లేచి ఆపే ధైర్యం రాలేదు. ఫాదరు తల దించుకున్నారు. చివరికి భార్య వెళ్లి పుల్ల పట్టుకున్న చేతి మీద చెయ్యి వేసింది. కళ్లు తెరిచి అందరి ముఖాలూ చూశాడు. పుల్లలు డ్రమ్ము మీద పెట్టి బయటికి నడిచాడు. మళ్లీ ఏ డ్రమ్మూ ముట్టుకోలేదు. ఫాదరుకు బదిలీ అయ్యాక ఆ సెట్టు చర్చి వెనక గదిలో చెమ్మకు పాడైపోయింది.

రెండు వేల సంవత్సరం దాటాక నాకు పార్వతీపురం బదిలీ అయింది. బస్సు కోసం నిలబడి ఉంటే సంతలో అతని భార్య కనిపించింది. అతను దూరంగా మిరియాల మూట మీద కూర్చుని నేలను చూస్తున్నాడు. వెళ్లిపోయేలోగా ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. ఆ రోజు టేపు అరగలేదని ఆమెతో చెప్పాను.

"నాకు తెల్సమ్మా. నానూ అక్కడే కూకున్నాను గదా. పళ్లేలు బాగానే మోగినాయి."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"మీరు సెప్పలేదని," అంది.

తిట్టలేదు. ఏడవలేదు. బస్సు వస్తే నా సంచీ అందించింది.

పార్వతీపురంలోనూ చాలాకాలం ఆ సూదిమందే వేశాను. వేసే ముందు ప్రతివాణ్ణీ చెవుల సంగతి అడిగేదాన్ని. ఇద్దరు హోరుగా ఉందన్నారు. ఇద్దరి గురించీ కాగితం మీద రాసి పైకి పంపాను. కోర్సు పూర్తి చేయమని జవాబొచ్చింది. పూర్తి చేశాను.