చివరి నల్లాలో పసుపు రంగు

1966 వేసవిలో నేను నగరానికి నీళ్లిచ్చే విభాగంలో జూనియర్ కెమిస్టును. మెదక్ మిషన్ బడిలో చదివి, బీఎస్సీ చేసి వచ్చినదాన్ని. మా ల్యాబు అబిడ్స్‌లో ఉండేది. నల్లాల దగ్గర పట్టిన నీళ్లలో క్లోరిన్ ఎంత మిగిలిందో చూడటం నా పని. పరీక్షనాళికలో నీళ్లు పోసి రసాయనం చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది. లేకపోతే ఏమీ ఉండదు.

నాంపల్లి స్టేషన్ వెనక ఒక గల్లీలో ఏ రోజు చూసినా రంగు రాలేదు. అక్కడ ఇద్దరు పిల్లలకు కామెర్లు వచ్చాయి. రిజర్వాయరు దగ్గర క్లోరిన్ కలిపే ఆపరేటరు యాదగిరి డ్యూటీలో నిద్రపోతున్నాడని పైవాళ్లు తేల్చేశారు. ఉద్యోగం నుంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని నోటీసిచ్చారు. అతను ల్యాబుకొచ్చి, “నేను మందు కలుపుతనే ఉన్న మేడమ్. ఎవ్వరు నమ్ముతలేరు. జర మీరన్నా చెప్పున్రి” అన్నాడు. నా మాట వినేదెవరు? ఒళ్లు మండిపోయింది.

విన్నది ఒక్కరే, మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మూర్తి గారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు వచ్చిన మనిషి. “అమ్మాయ్, నీ సీసాల లెక్కా నా పైపుల లెక్కా కలిపి చూద్దాం రా” అన్నారు.

క్లోరిన్ నీటిలో కలిసిన క్షణం నుంచి తరుగుతూ పోతుంది. ఎంత వేగంగా తరుగుతుందో నేను సీసాల్లో నీళ్లు నిలవబెట్టి కొలిచాను. పైపుల్లో నీరు గడిపే కాలాన్ని మేము నీటి వయసు అంటాం. అది ఆయన స్లైడ్ రూలుతో, అంటే లెక్కలు కట్టే జారుడు స్కేలుతో కట్టారు. రెండూ కలిపితే సంగతి బయటపడింది. ఆ గల్లీలోది ఎప్పుడో మూతపడిన కార్ఖానా కోసం వేసిన లావు పైపు. ఇప్పుడు దాని మీద బతికేవి నాలుగైదు ఇళ్లే. నీళ్లు అందులో పాకుతూ వస్తాయి. వచ్చేలోపు క్లోరిన్ అయిపోతుంది, కలిపింది ఎవరైనా సరే.

కాగితం మీద గీతలు చూసి మనిషిని వదిలెయ్యలేం అన్నారు మూర్తి గారి పైఅధికారి, సూపరింటెండింగ్ ఇంజనీరు. అయితే గల్లీలోనే చూపిస్తామని మూర్తి గారు తన పేరు మీద రాసిచ్చారు. ముందురోజు నుంచి వేరే ఆపరేటరు చేత, ఒక అధికారి కళ్లముందు క్లోరిన్ కలిపించారు. అయినా గల్లీలో మొదటి నమూనాకు రంగు రాలేదు. అప్పుడు పైపు చివరి వాల్వు తిప్పి నిలవ నీరంతా మురుగు మోరీలోకి వదిలారు. లెక్క ప్రకారం రెండు గంటల్లో తాజా నీరు రావాలి.

ఎండాకాలం నీళ్లు మోరీ పాలైతే జనం ఊరుకుంటారా? “తాగనీకి నీళ్లు లేకుంటే గీడ పారబోస్తున్రా? ఏం సార్లయ్యా మీరు” అని ఒకావిడ కడిగేసింది. మూర్తి గారు, “తప్పదమ్మా, కాస్త ఓపిక పట్టండి” అన్నారు. రెండు గంటలు దాటినా రంగు లేదు. యాదగిరి గోడకానుకుని నా చేతులే చూస్తున్నాడు. వాల్వు కట్టెయ్యమన్నారు, పరీక్ష చూడటానికి వచ్చిన సూపరింటెండింగ్ ఇంజనీరు. “పైపు లోపలి తుప్పు కూడా కొంత క్లోరిన్ తింటుంది సార్. ఇంకాసేపు ఉంచండి, బాధ్యత నాది” అన్నారు మూర్తి గారు.

ఆ తర్వాతి నాళికలో లేత పసుపు తేలింది. యాదగిరికి చూపించాను. “ఉన్నది మేడమ్, ఉన్నది” అంటూ అక్కడే చతికిలబడ్డాడు.

నోటీసు రద్దయింది. గల్లీకి సన్న పైపు వేశారు. మూర్తి గారి చేతికింద పని నేర్చుకోవడం నా అదృష్టం. ఆ మాట ఆయనతోనే అన్నాను. నేను చీఫ్ కెమిస్టునయ్యాక, నల్లాలో క్లోరిన్ లేదని ఫైలు వస్తే ముందు నీటి వయసు లెక్క కట్టించేదాన్ని. సంజాయిషీ అడగడం ఆ తర్వాతే. చాలాసార్లు అడగాల్సిన అవసరమే రాలేదు.